వలలు కడిగిన తరువాత

(వేట నిషేధం ముగిసే రోజు, జూన్ 14 సాయంకాలం, శ్రీకాకుళం జిల్లా కళింగపట్నం సమీపంలోని ఒక మత్స్యకార గ్రామ సంఘంలో ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగం. వేట సామగ్రి సర్దుకుంటూ కూడికకు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసినది.)

ప్రభువైన యేసుక్రీస్తు నామమున మీ అందరికీ వందనములు. అయ్యగారు నాకు ముప్పావు గంట ఇచ్చారు. అంతసేపు తీసుకోవడం న్యాయం కాదని నాకు తెలుసు. అరవై ఒక్క రోజులు ఒడ్డున కూర్చున్న పడవలు ఈ అర్ధరాత్రి దాటితే నీటిలోకి దిగుతాయి. ఐసు ఇంకా రాలేదని ఒకరు, ఇంజిను ఒకసారి తిప్పి చూడాలని ఒకరు గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నారు. వెనుక వరుసలో కూర్చున్న తమ్ముళ్ల చూపు నా మీద లేదు, కిటికీలో నుంచి సముద్రం మీద ఉంది. ఉండనివ్వండి, నేనేమీ అనుకోను. ఈ సాయంకాలం నేను ఎవరి గురించి మాట్లాడబోతున్నానో ఆయన చూపు కూడా ఎప్పుడూ అటువైపే ఉండేది. యేసు శిష్యుడైన జాలరి సీమోను పేతురు గురించి మాట్లాడుతున్నాను.

లూకా సువార్త అయిదవ అధ్యాయం మీకు కొత్త కాదు. ఈ వాక్యభాగం మీద మీరు విన్నన్ని ప్రసంగాలు పట్నంలో ఉన్నవారు విని ఉండరు. అయినా ఒక్క మాట అడుగుతాను. యేసు వచ్చే సరికి ఆ జాలరులు ఏమి చేస్తున్నారు? వేటలో లేరు. పడవలు ఒడ్డున ఉన్నాయి, వాళ్లు దిగి వలలు కడుగుతున్నారు. ఈ వివరాన్ని పట్నంలో పెరిగినవారు చదువుకుంటూ వెళ్లిపోతారు, మీరు వెళ్లిపోలేరు. వల కడగడమంటే ఏమిటో మీకు తెలుసు. నాచు తీయాలి, చెత్త ఏరాలి, చిరిగినచోట కుట్టాలి, ఆరవేయాలి. చేపలు పడినప్పుడు ఆ పని పనిలా అనిపించదు. ఖాళీ వల కడగడం మాత్రం, మా నాన్న అనేవాడు, శవానికి స్నానం చేయించినట్టు ఉంటుందని.

వారు వేటాడిన సరస్సు మన సముద్రమంత పెద్దది కాదు. పేరుకు గలిలయ సముద్రం, నీళ్లు మాత్రం మంచినీళ్లు. పొడవు సుమారు 21 కిలోమీటర్లు, వెడల్పు 13 కిలోమీటర్లు ఉంటుంది. 1986లో వర్షాలు లేక ఆ సరస్సు బాగా తగ్గిపోయినప్పుడు, ఒడ్డు బురదలో ఒక పాత పడవ బయటపడింది. పండితులు పరీక్షించి అది ఇంచుమించు యేసుప్రభువు కాలం నాటిదని తేల్చారు. పొడవు 27 అడుగులు, వెడల్పు ఏడున్నర అడుగులు. అందులో నన్ను ఆకట్టుకున్నది కొలత కాదు. ఆ ఒక్క పడవలో పన్నెండు రకాల కర్ర ఉన్నదట. అంటే ఏమిటి? కొత్త కర్ర కొనే శక్తి లేనివాడు ఎక్కడ దొరికిన ముక్కను అక్కడ అతికి, పాత పడవల చెక్కలు పీకి తెచ్చి బిగించి, ఏళ్ల తరబడి దానినే నడిపాడన్నమాట. ఆ పడవ పేతురుదని నేను అనడం లేదు, ఎవరూ అనలేరు. పేతురు బతుకు ఎటువంటిదో చెప్పడానికి మాత్రం ఆ అతుకులు చాలు.

అటువంటి మనిషి రాత్రంతా శ్రమపడి, ఏమీ దొరకక, వల కడిగి, ఇంటికి పోబోతున్నాడు. అప్పుడు ఒక వడ్రంగి వచ్చి పడవ అడిగాడు, అందులో కూర్చుని జనులకు బోధించాడు. అక్కడివరకు బాగానే ఉంది. ఆ తరువాత, దోనెను లోతుకు నడిపించి వలలు వేయమన్నాడు. ఎవరితో అంటున్నాడు? తండేలుతో! మన భాషలో చెప్పాలంటే సీమోను ఆ పడవకు తండేలు, పడవను నడిపించే పెద్ద. ఏ వేళకు ఏ చేప ఎక్కడ తిరుగుతుందో అతనికి తెలుసు. ఆ రోజుల్లో వలలు నారతో అల్లినవి, పగటి వెలుగులో చేపకు కనబడతాయి, కాబట్టి వాటితో రాత్రిపూట వేటాడేవారు. ఇప్పుడు తెల్లవారింది, పొద్దెక్కింది. వడ్రంగి వచ్చి తండేలుకు వేట నేర్పుతున్నాడు! మీలో ఎవరితోనైనా నేను, ఈ బడిపంతులును, ఫలానా చోట వల వేయండని చెబితే మీరేమంటారు? పైకి ఏమీ అనరు, మర్యాదస్థులు. నేను వెళ్లిన తరువాత నవ్వుకుంటారు.

పేతురు ఏమన్నాడో వినండి. "ఏలినవాడా, రాత్రి అంతయు మేము ప్రయాసపడితిమి గాని మాకేమియు దొరకలేదు, అయినను నీ మాట చొప్పున వలలు వేతును." నేను ముప్పై నాలుగేళ్లు తెలుగు వ్యాకరణం చెప్పినవాడిని, ఆ అలవాటు ఎక్కడికి పోతుంది? క్షమించి ఒక్క నిమిషం విద్యార్థులు కండి. "అయినను" అనే మాటను వ్యాకరణంలో అప్యర్థకం అంటారు. అది అసమాపక క్రియ. అసమాపక క్రియ అంటే వాక్యాన్ని ముగించలేని క్రియ. "వచ్చినను" అని ఊరుకుంటే విన్నవాడు ఎదురు చూస్తూనే ఉంటాడు, వచ్చినా ఏమైంది అని. "తిని", "వెళ్లి", "చూసి", ఇవన్నీ అటువంటివే. ఇప్పుడు అసలు మాటకు వస్తున్నాను. "నమ్మి" అనేది కూడా అసమాపక క్రియే. నేను ప్రభువును నమ్మి... నమ్మి, ఏమి చేశాను? ఆ వాక్యం పూర్తి కావాలి గదా? ఎన్నో ఏళ్లుగా మన సాక్ష్యాలు వింటున్నాను, నా సాక్ష్యం కూడా కలుపుకునే చెబుతున్నాను. 1980లో నమ్మి, 1995లో నమ్మి, ఫలానా సభలలో నమ్మి అని మొదలుపెడతాం. వాక్యం అక్కడే ఆగిపోతుంది. పేతురు వాక్యం ఆగలేదు. "వలలు వేతును" అని సమాపక క్రియతో ముగిసింది. వలలు వేయకుండా "అయినను" అన్న మాటకు విలువ లేదు. వెంబడించకుండా "నమ్మి" అన్న మాటకు అర్థం పూర్తి కాదు.

పేతురు తన అనుభవాన్ని దాచలేదని కూడా గమనించండి. రాత్రంతా కష్టపడ్డాం, దొరకలేదు, ఈ మాట ఆయన ముఖం మీదే చెప్పాడు. నమ్మకమంటే ఖాళీ వలను నిండిన వల అని చెప్పడం కాదు. మన కూడికలలో కొందరు, అప్పులో మునిగి ఉండి కూడా, అడిగితే "ప్రభువు కృపలో అంతా బాగుంది" అంటారు. పేతురు అలా అనలేదు. దొరకలేదు అన్నాడు, వేస్తాను అన్నాడు. రెండూ ఒకే వాక్యంలో ఉన్నాయి.

ఇక "వెంబడించు" అన్న మాట. మార్కు మొదటి అధ్యాయంలో యేసు ఈ జాలరులతో అన్న మాట "నా వెంబడి రండి." వెంబడి అంటే వెనుక. పక్కన కాదు, ముందు కాదు. ఇది చిన్నపిల్లవాడికి కూడా తెలిసిన సంగతే గాని, నాకు మాత్రం మా నాన్న నేర్పాడు. వంశధార సముద్రంలో కలిసేచోట ఇసుక ఏ ఏటికి ఆ ఏడు చోటు మారుతుంది. నిన్న నడిచిన చోట ఈ రోజు లోతు ఉంటుంది. మా నాన్న చేతిలో వెదురు గడ పట్టుకుని, అడుగు ముందు గడ గుచ్చి చూసుకుంటూ మొగ దాటేవాడు. నాకు ఎనిమిదేళ్లో తొమ్మిదేళ్లో ఉంటాయి. అవతలి గట్టు కనబడుతూనే ఉంది గదా, ఈయన ఇంత నెమ్మదిగా ఎందుకు నడుస్తున్నాడని నేను ఆయనను దాటి ముందుకు పరుగెత్తాను. పది అడుగులు వేశానో లేదో, ఛాతీ వరకు దిగిపోయాను. ఆయన వచ్చి చంకలో చేయి వేసి లాగాడు. కొట్టలేదు. "ఏట్రా, నీకు దారి తెల్సా? నా ఎనక్కి రా" అన్నాడు, అంతే.

ఎన్నో ఏళ్ల తరువాత మత్తయి పదహారవ అధ్యాయం చదువుతూ ఉంటే ఆ మాట నాకు మళ్లీ వినబడింది. యేసు తాను యెరూషలేముకు వెళ్లి శ్రమపడి చంపబడవలసి ఉన్నదని చెప్పాడు. పేతురు ఆయన చేయి పట్టుకుని, అది నీకు దూరమగుగాక అని గద్దించాడు. చూశారా, తండేలు మళ్లీ తండేలైపోయాడు! ప్రభువు చేయి పట్టుకుని దారి చూపబోతున్నాడు. అప్పుడు యేసు అన్నాడు: "సాతానా, నా వెనుకకు పొమ్ము." ఈ మాటను మనం వెళ్లగొట్టే మాటగానే విన్నాం. గ్రీకు మూలంలో ఆ "నా వెనుకకు" అన్న మాటలు, మొదటి రోజు సరస్సు ఒడ్డున "నా వెంబడి రండి" అన్నప్పటి మాటలే. తరువాతి వచనంలో "నన్ను వెంబడింపగోరినయెడల" అన్నచోట కూడా అవే మాటలు. అంటే ఆ కఠినమైన గద్దింపులోనే పిలుపు ఉంది. నీ చోటు ముందు కాదు పేతురూ, నా వెనుక, అక్కడికి తిరిగి రా. మా నాన్న అన్నదీ అదే.

మనం ముందుకు పరుగెత్తడం ఎలా ఉంటుంది? అనుమానంతో పరుగెత్తేవారి కంటే, విశ్వాసం పేరుతో పరుగెత్తేవారిని చూస్తే నాకు ఎక్కువ భయం. ఇది కొంచెం గట్టిగానే చెబుతాను, అయ్యగారు ఏమీ అనుకోరని నమ్ముతున్నాను. మన జిల్లాలో ఉద్దానం ఉంది. అక్కడ నేను పదకొండేళ్లు ఉద్యోగం చేశాను. కిడ్నీ జబ్బుతో నా కళ్ల ముందు ఎంతమంది పోయారో మీకు చెప్పనవసరం లేదు, మీ ఇళ్లలోకి వచ్చిన కోడళ్లలో ఆ ఊళ్ల వారు ఉన్నారు. ఆ జబ్బుకు కారణం ఇదీ అని శాస్త్రజ్ఞులు ఇప్పటికీ తేల్చలేకపోయారు. పలాసలో పరిశోధన కేంద్రం, ఆసుపత్రి వచ్చాయి, డయాలసిస్ దొరుకుతోంది. అటువంటి చోట ఒక మనిషితో, నీకు విశ్వాసం ఉంటే డయాలసిస్ మానేయి, సూది గుచ్చుకోవడం అవిశ్వాసం అని చెప్పినవారు ఉన్నారు. ఆ మనిషి మానేశాడు, పన్నెండు రోజులు బతికాడు. ఎవరు చెప్పారని నన్ను అడగకండి.

దేవాలయ శిఖరం మీద అపవాది అయిన సాతాను యేసుతో అన్నది ఏమిటి? కిందికి దుముకు, దూతలు నిన్ను పట్టుకుంటారు. వాక్యం చూపించే అన్నాడు. యేసు ఏమన్నాడు? ప్రభువైన నీ దేవుని శోధింపవలదు. ముందు నేను దుముకుతాను, దేవుడు నా వెనుక వచ్చి పట్టుకోవాలి అనడం నమ్మకం కాదు, దేవునిని మన వెంబడి రమ్మనడం. పౌలు వెంట ఉన్న లూకాను బైబిలు "ప్రియుడైన వైద్యుడు" అని పిలిచింది. ఎన్నో స్వస్థతలు చేసిన పౌలే, తన సహచరుడైన త్రోఫిమును రోగియై ఉండగా మిలేతులో విడిచి వచ్చానని రాశాడు. అతనికి విశ్వాసం తక్కువని ఒక్క మాట రాయలేదు. ప్రార్థన చేయండి, కన్నీటితో చేయండి, మందు వేసుకుని చేయండి.

సరే, ఆయన వెనుక నడవాలి. ఎప్పుడు? లూకా తొమ్మిదవ అధ్యాయం ఇరవై మూడవ వచనం చూడండి. "ఎవడైనను నన్ను వెంబడింపగోరినయెడల తన్నుతాను ఉపేక్షించుకొని, ప్రతిదినము తన సిలువను ఎత్తికొని నన్ను వెంబడింపవలెను." ఈ మాట మత్తయి రాశాడు, మార్కు కూడా రాశాడు. "ప్రతిదినము" అన్న మాట మాత్రం లూకా ఒక్కడే రాశాడు. ఆ ఒక్క మాట లేకపోతే మనకు ఎంత సుఖంగా ఉండేదో! సిలువ అంటే ఒక్కసారి మోసేది, హతసాక్షులు మోసేది, మన తాతల కాలంలో బాప్తిస్మం తీసుకున్నందుకు కులంవారు వెలివేస్తే వాళ్లు మోసినది అనుకుని ఊరుకునేవాళ్లం. ప్రతిదినము అన్నాడు. మంగళవారం కూడా మోయాలి. మరి మన సిలువ ఏది? మా బంధువులలో ఒకామె తన అల్లుడిని చూపించి, "ప్రభువు నాకిచ్చిన సిలువ ఈయనేనండీ" అంటుంది. ఆ అల్లుడిని అడిగితే ఆయనా అదే అంటాడు. మోకాళ్ల నొప్పి, మాట వినని కొడుకు, ఇవి కష్టాలే, కాదనను. కాని ఇవి మనం ఎత్తుకున్నవి కావు, మన మీద పడినవి. యేసు ఎత్తికొనుమన్నాడు. దించేయడానికి వీలున్నా దించకుండా మోసేది సిలువ.

నేను దించేసిన సిలువ గురించి చెబుతాను. దీనిని మా ఇంట్లో తప్ప ఎక్కడా చెప్పలేదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు నేను కవిటి వైపు ఉన్నాను. అక్కడ నాకు ఎకరంలోపు కొబ్బరి తోట ఉండేది. తెల్లారి చూస్తే ఉద్దానమంతా దువ్వెనతో ఒకవైపుకు దువ్వినట్టు పడి ఉంది. కొబ్బరి, జీడి, పనస, ఏదీ నిలవలేదు. నాకు పదకొండు చెట్లు పోయాయి. కొన్నాళ్లకు నష్టం లెక్క రాయడానికి ఒక కుర్రవాడు వచ్చాడు. మంచివాడు, అలసిపోయి ఉన్నాడు. "మాస్టారూ, పడినవి పదకొండు. నిలబడినవాటికీ మొవ్వులు దెబ్బతిన్నాయి గదా, ఇరవై రాసేయమంటారా?" అని అడిగాడు. నేను అవునని అనలేదు, కాదని కూడా అనలేదు. తోటవైపు చూస్తూ నిలబడ్డాను. అతను ఇరవై రాసుకున్నాడు.

ఆ రాత్రి నేను మోకాళ్ల మీద ఉండి, ఇల్లు నిలిపినందుకు దేవునికి స్తోత్రం చెల్లించాను. ఆదివారం వాక్యం చెప్పాను. ఏడు వారాలు గడిచాయి. నన్ను ఆ తరువాత భయపెట్టినది ఏమిటంటే, ఆ ఏడు వారాలూ నాకు హాయిగా నిద్ర పట్టింది. నా ఆత్మను దేవుని చేతికి నమ్మి అప్పగించిన మనిషిని నేను. తొమ్మిది కొబ్బరి చెట్ల దగ్గరకు వచ్చేసరికి మాత్రం ఆయన చేయి చాలలేదు, ఒక కుర్రవాడి కలం కావలసి వచ్చింది. పరలోకం విషయంలో నమ్మగలిగినవాడిని కొబ్బరి కాయల విషయంలో నమ్మలేకపోయాను. ఎందుకని? పరలోకం దూరంగా ఉంది, నమ్మడానికి ఖర్చు లేదు. తొమ్మిది చెట్లు రేపటి ఖర్చు.

డబ్బు ఖాతాలో పడింది. మా ఆవిడ లెక్క అడిగింది, అడిగితే నా నోట అబద్ధం రాలేదు, ఆ కృప మాత్రం దక్కింది. కార్యాలయానికి వెళ్లి తగ్గించమని చెప్పాను. అక్కడి గుమాస్తా కాగితాలు తిరగవేసి, పెంచమని అడిగేవారికి దరఖాస్తు ఉంది గాని తగ్గించమనేవారికి లేదని నవ్వాడు, నాకూ నవ్వు వచ్చింది. చివరకు ఆ తొమ్మిది చెట్ల డబ్బుతో మొక్కలు కొని, సొంత భూమి లేక జాబితాకెక్కని ఇద్దరు కౌలుదార్లకు ఇచ్చాను. వారిలో ఒకాయన నన్ను దేవుడన్నాడు. ఆ మాట వినడం కంటే కుర్రవాడి ముందు "పదకొండే, బాబూ" అనడం ఎంత సులువుగా ఉండేదో ఆలోచించండి. రెండు మాటలు. ఆ రోజుకు నేను ఎత్తుకోవలసిన సిలువ ఆ రెండు మాటల బరువే ఉంది.

మన సంఘాలలో జీడి వ్యాపారం చేసేవారు ఉన్నారు, చేపలు తూచి కొనేవారు ఉన్నారు, వడ్డీకి ఇచ్చేవారూ ఉన్నారు. ద్వితీయోపదేశకాండంలో సంచిలో రెండు రకాల తూనికరాళ్లు పెట్టుకోవద్దని ఉంది. ఇప్పుడు రాళ్లు లేవు, కరెంటు కాటా వచ్చింది, దానికీ రెండు మనసులు నేర్పేవారు ఉన్నారని మీకు తెలుసు. జీడిపప్పు ఒలిచే ఆడవారి వేళ్లు ఆ గింజ నూనెకు నల్లబడి, తొక్క లేచిపోతుంది. వారి శనివారపు కూలిని సోమవారానికి, సోమవారపు కూలిని పై వారానికి తోసేవారు యాకోబు పత్రిక అయిదవ అధ్యాయం నాలుగవ వచనం ఇంటికి వెళ్లి చదువుకోండి. బిగపట్టిన కూలి మొఱ్ఱపెడుతుందని రాసి ఉంది. కూలివాడు మొఱ్ఱపెట్టకపోయినా కూలి మొఱ్ఱపెడుతుందట. దీని మీద ఇంతకంటే చెప్పను.

కొందరు అడుగుతారు, మాస్టారూ, నమ్మితే భయం ఉండకూడదు గదా, నాకు భయంగానే ఉంది, అంటే నాకు విశ్వాసం లేదా అని. పడవ ఎక్కే మగవాడి కంటే ఒడ్డున ఉండే ఆడవారే ఈ ప్రశ్న ఎక్కువగా అడుగుతారు. మార్కు పదవ అధ్యాయంలో ఒక వచనం ఉంది, మనం దాని మీద ఎప్పుడూ ఆగము. యెరూషలేముకు వెళ్లే దారిలో యేసు వారికి ముందు నడుస్తున్నాడు. ఆ తరువాత ఏముందో చూడండి: "వెంబడించువారు భయపడిరి." భయపడినవారు వెంబడించడం మానలేదు, వెంబడించినవారికి భయం పోలేదు. ఒకే మనుషులలో ఒకే దారి మీద రెండూ ఉన్నాయి. దయ్యం పట్టిన చిన్నవాడి తండ్రి యేసుతో ఏమన్నాడు? నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము. యేసు అతనిని, ముందు అపనమ్మకం పోగొట్టుకుని రమ్మనలేదు, బిడ్డను బాగుచేశాడు. కాబట్టి అమ్మా, ఈ రాత్రి పడవ కనుమరుగయ్యేవరకు మీ గుండె కొట్టుకుంటే అది అవిశ్వాసం కాదు. భయం వల్ల వెనుకబడి దూరమైపోతేనే ప్రమాదం. పేతురు ఆ తప్పు కూడా చేశాడు. ప్రభువును పట్టుకున్న రాత్రి దూరము నుండి వెంట పోయాడని ఉంది. ఆ దూరం ఎక్కడికి చేర్చింది? వేరేవాళ్ల చలిమంట దగ్గరికి. అక్కడ ఒక చిన్నది అడిగిన ప్రశ్నకు తండేలు తడబడి, ఆయనను ఎరుగనన్నాడు.

వెనుక నడిచేవాడికి ఒక కష్టం ఉంది. ముందు నడిచేవాని వీపు తప్ప దారి చివర కనబడదు. మా నాన్న వెనుక నాకూ అంతే. మన ఉత్తరాంధ్ర సంగతే చెబుతాను. మన ప్రాంతపు సంఘాలలో చాలావరకు కెనడా బాప్టిస్టు మిషనరీల సేవ వల్ల ఏర్పడ్డాయని మీ అందరికీ తెలుసు. వారు 1874లో కాకినాడకు వచ్చారు. అంతకు దాదాపు డెబ్బై ఏళ్ల ముందే, 1805లో, లండన్ మిషనరీ సంఘం పంపిన ఇద్దరు యువకులు విశాఖపట్నంలో దిగారు. ఒకరు జార్జి క్రాన్, మరొకరు అగస్టస్ డెగ్రాంజస్. తెలుగు రాదు. నేర్చుకున్నారు. ఆనందరాయరు అనే బ్రాహ్మణుడు క్రీస్తును నమ్మి వారితో చేరాడు. ముగ్గురూ కూర్చుని సువార్తలను తెలుగులోకి మార్చడం మొదలుపెట్టారు. 1809లో క్రాన్ చనిపోయాడు. 1810లో డెగ్రాంజస్ చనిపోయాడు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు శ్రీరాంపూరులో అచ్చయినది 1812లో. ఆ ఇద్దరూ తమ చేతిరాతనే చూశారు గాని, అచ్చుపడిన పేజీ ఒక్కటి కూడా చూడలేదు. వారి దృష్టిలో అది ఖాళీ వలే గదా? ఆ ఖాళీ వలను వారు ఎన్ని రోజులు, ఎంత ఎండలో, ఏ జ్వరంతో కడిగి ఆరవేశారో ఎవరు రాశారు? చెట్టు కింద కూర్చుని, ఈ మాటకు తెలుగులో ఏమంటారని అడిగి, రాసి, కొట్టేసి, మళ్లీ రాసి ఉంటారు. ఆ రోజుకు ఆ రోజు పని అది. ప్రతిదినము అంటే అదేనని నాకు అనిపిస్తుంది.

ఇంకొక్క సంగతి చెప్పి ముగిస్తాను, ఐసు బండి వచ్చినట్టుంది. పునరుత్థానం తరువాత అదే సరస్సు ఒడ్డున యేసు పేతురును మళ్లీ పిలిచాడు, "నన్ను వెంబడించుము" అని. పేతురు ఏమి చేశాడు? వెనుకకు తిరిగి యోహానును చూసి, ప్రభువా ఇతని సంగతి ఏమిటి అన్నాడు. ముందుకు పరుగెత్తి అయిపోయింది, దూరంగా నడిచి అయిపోయింది, ఇప్పుడు పక్కకు చూస్తున్నాడు! యేసు "అది నీకేమి? నీవు నన్ను వెంబడించుము" అన్నాడు. వాళ్లబ్బాయి హైదరాబాదులో ఉన్నాడు, వీళ్లమ్మాయి అమెరికా వెళ్లింది, మేమూ అదే ప్రార్థన చేశాం, మాకెందుకు రాలేదు? అది నీకేమి?

ఆ ఉదయమే, ఈ మాటలకు ముందు, మళ్లీ ఒక ఖాళీ రాత్రి గడిచింది. నేను చేపలు పట్టబోదునని పేతురే అన్నాడు, మిగిలినవారు వెంట వెళ్లారు, రాత్రంతా ఏమీ పడలేదు. మూడేళ్లు ప్రభువుతో తిరిగిన తరువాత కూడా ఖాళీ వలలు ఉన్నాయని గమనించండి. ఈ రాత్రి మీలో కొందరికి వల నిండుతుంది, కొందరికి నిండదు. నిండినవారికి విశ్వాసం ఎక్కువ, నిండనివారికి తక్కువ అని ఎవరైనా అంటే వారిని నా దగ్గరకు పంపండి. యేసు ఒడ్డున నిలబడి, కుడిపక్కన వల వేయమన్నాడు, చేపలు పడ్డాయి. అయితే వారు ఒడ్డుకు వచ్చి చూసేసరికి నిప్పులు అప్పటికే ఉన్నాయి, వాటి మీద చేపలు, పక్కన రొట్టె ఉన్నాయి. వారి చేపలు ఇంకా వలలోనే ఉన్నాయి. "రండి, భోజనము చేయుడి" అన్నాడు.

వెనుక పాకలో అన్నం, చేపల పులుసు సిద్ధంగా ఉన్నాయని అమ్మగారు ఇందాకే కబురు పంపారు. అయ్యగారు ప్రార్థన చేస్తారు. ఈ రాత్రి పడవ ఎక్కేవారు ముందు వరుసకు రండి, వారితో పాటు వారి ఇంటివారు కూడా రండి. ప్రార్థన కాగానే పడవ ఎక్కేవారు ముందు తినండి, మేము తరువాత కూర్చుంటాం.